తెరచాప మీది నేత

నాలుగింటికి పిలుస్తామన్నారు. ఇప్పుడు మూడు దాటి రెండు నిమిషాలు. నా చేతిలో టోకెను నలభై ఏడు, పక్క కుర్చీలో దర్జీ, ఎదురుగా పొడుగాటి తెర, ఆ తెర వెనక దర్జీ నాణెం. లోపల ముగ్గురు కూర్చుంటారట. ఒకరు ఏమనుకున్నారో ఇంకొకరికి చెప్పరట, నాణెం ఎవరిదో ముగ్గురికీ తెలియదట, ఒక్క దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసి డెబ్భైకి ఇన్ని అని మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత అతికించేస్తారట, ఇక జన్మలో ఎవరూ వేలు పెట్టకుండా. కడిగిందైనా, రంగు తెప్పించిందైనా మార్కులుండవు, డబ్బా ఉండదు, చీటీ మీద రెండు ముక్కలు రాసి తిరిగి చేతిలో పెడతారు. ఆ రెండు ముక్కలే రావాలని గంటన్నరగా కోరుకుంటున్నాను. రంగు సహజం కాదు, అని రావాలి. నా పక్కన కూర్చుని, నేను కొనిచ్చిన టీని ఊదుకుంటూ తాగుతున్న మనిషి నాణెం దొంగరంగుదైపోవాలని, అతని మొహం వాడిపోవాలని, నేను భుజం తట్టి పోనీలే అనాలని. పైకి మాత్రం ఏం కాదు, మంచి మార్కులే వస్తాయి అని ఇప్పటికి మూడుసార్లు అన్నాను. మూడోసారి అన్నప్పుడు అతను నవ్వి, "మీరు పక్కనుంటే నాకేం భయమండీ అన్నగారూ" అన్నాడు. అన్నగారూ అనకుండా ఈ మనిషికి వాక్యం పూర్తికాదు. ఆ మాట వినబడినప్పుడల్లా చొక్కాలో చీమ దూరినట్టుంటుంది.

నాణేల ప్రదర్శనంటే హాలంతా గలగలలాడుతుందనుకుంటారు తెలియనివాళ్ళు. ఇక్కడ నాణెం చప్పుడు చేసిందంటే ఎవడో తప్పు చేశాడని అర్థం. మెత్తటి గుడ్డ పరిచిన పళ్ళేల మీదికి, అంచులు మాత్రం పట్టుకుని, పసిబిడ్డను ఉయ్యాల్లో వేసినట్టు దించుతారు. వినిపించేదల్లా నాణేన్ని రెండు అట్టముక్కల మధ్య బిగించే స్టేప్లర్ల టక్కు టక్కు. నలభై బల్లలు, అద్దాల పెట్టెలు, వాటి మీద వంగిన బట్టతలలు. మా ఆవిడ ఒకసారి వచ్చి చూసి, ఇంతమంది పెద్దమనుషులు చిల్లర చూసుకోవడానికి ఇంత హాలెందుకు, మన వంటింట్లో పోపులడబ్బా ముందు కూర్చుంటే సరిపోయేదిగా అంది. మా నాణేల సంఘాన్ని ఆవిడ చిల్లర సంఘం అంటుంది. ఆవిడన్న మాటల్లో చాలావాటికి నేను నవ్వేస్తాను, ఒక్కదానికి నవ్వలేదు. అది తర్వాత. టక్కు టక్కు. నేను పనిచేసిన ప్రెస్సులో బైండింగు గది శబ్దం కూడా ఇదే, ఇంకాస్త బరువుగా ఉండేది, కాగితాల కట్ట మీద పెద్ద పిన్ను దిగే శబ్దం. ఆ గదిలోకి ఆ సోమవారం నేను వెళ్ళకపోయి ఉంటే. వెళ్ళకపోయి ఉంటే ఇప్పుడు నా సొంత నాణెమైనట్టే ఇతని నాణెం గురించి నిజంగా ఆశపడుతూ కూర్చునేవాణ్ణి. తెలియకపోవడం ఎంత హాయి. ఆ హాయిని జీవితంలో ఒక్కసారి ఒప్పుకుని ఉంటే ఈ కుర్చీ ఇంత గుచ్చుకునేది కాదు.

ముప్పై నాలుగేళ్ళు ప్రూఫులు దిద్దాను. పాఠ్యపుస్తకాలు, పెళ్ళి శుభలేఖలు, మందుల సీసాల మీది చీటీలు, అన్నీ నా కళ్ళ కింద నుంచే వెళ్ళాయి. ఊరంతా తప్పులు రాస్తుంది, నేను దిద్దుతాను, ఇదే నాకు తెలిసిన లోకం. పుస్తకం అచ్చయిపోయాక బయటపడ్డవాటికి చివర్లో తప్పొప్పుల పట్టిక వేసేవాళ్ళం, నా హయాంలో అది అరపేజీ దాటలేదని మేనేజరు వీడ్కోలు రోజు చెప్పాడు, అందరూ చప్పట్లు కొట్టారు. సంఘంలో నా పేరు భూతద్దం. ఎవరు పెట్టారో గుర్తులేదు కానీ నాకు నచ్చిన పేరే. ఆదివారం పదింటికి గ్రంథాలయం మేడ మీద ఎనిమిదిమందిమి చేరతాం, ఎవరో ఒకరు కొత్త నాణెం తీస్తారు, అది బల్ల చుట్టూ తిరిగి చివరికి నా దగ్గరికి వస్తుంది. నేను అద్దం కంటికి పెట్టుకుంటాను. అప్పుడు మేడ మీద ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు. ఆ నిశ్శబ్దం కోసమే నేను వారమంతా ఎదురుచూసేవాణ్ణని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అసలు, నకిలీ, కడిగింది, అరగదీసింది, ఏదో ఒకటి చెప్పేవాణ్ణి, చాలావరకు సరిగ్గానే చెప్పేవాణ్ణి. భూతద్దం చెప్పాడంటే ఇక తిరుగులేదు అనేవాడు మందులషాపాయన. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, నా మాట పెదవి దాటడానికి ముందే వాళ్ళు నమ్మేసేవాళ్ళు.

అద్దం జేబు దర్జీ కుట్టిందే. సంఘంలో చేరిన రెండో నెలలోనే, నేను అద్దాన్ని ప్యాంటు జేబులో తాళాలతో కలిపి పెట్టుకోవడం చూసి, గీతలు పడతాయండీ అన్నగారూ అని, నా చొక్కాలన్నీ ఇంటికొచ్చి పట్టుకెళ్ళి, ఒక్కొక్కదానికి పెద్ద జేబు లోపల చిన్న జేబు కుట్టి, లోపల మెత్తటి అస్తరు వేసి, పైన గుండీ పెట్టి తెచ్చాడు. అద్దానికి కొలత తీసుకున్నాడు, మనిషికి తీసుకున్నట్టు. అప్పటినుంచి కొత్త చొక్కా ఏది కుట్టినా ఆ జేబు ఉండాల్సిందే. నాణెం చూడటం అయ్యాక అద్దాన్ని తనే తీసుకుని ఆ చిన్న జేబులో వేసి గుండీ పెట్టి ఒకసారి పైన తడతాడు, స్కూలుకెళ్ళే పిల్లాడి జేబు సర్దినట్టు. తను మాత్రం ఎప్పుడూ ఆ అద్దంలోంచి చూడలేదు. చూడవయ్యా అంటే, "నాకెందుకండీ అన్నగారూ, మీరు చూశారుగా" అంటాడు. ఇప్పుడు టీ గ్లాసు కింద పెట్టి, కుర్చీ గుడ్డ అంచుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నలుపుతున్నాడు. ఏ గుడ్డ కనిపించినా అంతే, వేళ్ళు వాటంతటవే వెళ్ళి పలకరిస్తాయి. బస్సులో సీటు కవరు, బ్యాంకులో కర్టెను, ఒకసారి చావింట్లో కప్పిన దుప్పటి కూడా. "ఇది పేరుకే నూలండీ అన్నగారూ" అన్నాడు నాతో ఇప్పుడు, రహస్యం చెబుతున్నట్టు. నేను అవునా అన్నాను. మూడూ పద్నాలుగు.

ఆరేళ్ళ కిందటి ఆదివారం కూడా అతని వేళ్ళలో ఒక గుడ్డ ముక్క ఉంది, అందులో చుట్టి తెచ్చాడు మొదటి నాణెం. ఓడ బొమ్మ ఉన్న పాత వెండి నాణెం, అలాంటివి మా అందరి దగ్గరా ఉన్నాయి, కానీ అందరివీ తెల్లగానో నల్లగానో ఉంటాయి. ఇది అలా లేదు. అంచు చుట్టూ సిరా నీలం, దాని లోపల దానిమ్మగింజ ఎరుపు, నడుమ ఓడ మీద పలుచటి తేనెరంగు. బల్ల మీద పెట్టగానే అందరూ ఒకేసారి ముందుకు వంగారు, తలలు తగులుకున్నాయి. "మా అమ్మ దాచింది" అన్నాడు. "నడుముకి కట్టుకునే సంచిలో కుట్టేసి పెట్టుకుందట, కుట్టు విప్పి నిన్ననే ఇచ్చింది, మీ సంఘంలో చూపించుకోరా అని." నా దగ్గరికి వచ్చింది. అద్దం పెట్టాను. ఫ్యాను తిరుగుతోంది. వెండికి అలాంటి రంగు దానంతటదే వస్తుంది, యాభై ఏళ్ళు కదలకుండా ఒకచోట ఉంటే. అలాంటి రంగును పొయ్యి మీద పెట్టి, మందులు పూసి గంటలో తెప్పించే మాయగాళ్ళూ ఉన్నారు, మా భాషలో దాన్ని వంట అంటాం. ఏది వంట, ఏది కాదు అని తేల్చడం కష్టం, పుస్తకాల్లో చదివాను కానీ చేత్తో పట్టుకుని చూసింది తక్కువ. తెరచాప మీద సన్నటి గీతలు కనిపించాయి. నిలువు, అడ్డం, నిలువు, అడ్డం, ఒకచోట మాత్రం అడ్డగీత తెగి ఉంది. అవి ఏమిటో నాకు అర్థం కాలేదు. నాణెం చెక్కినవాడు పెట్టినవి కావు, ఎందుకంటే నా దగ్గరున్నదాని మీద అవి లేవు. తెలియదు. అంతే, ఆ క్షణంలో నా దగ్గరున్న నిజం ఆ ఒక్క ముక్కే. తల ఎత్తాను. ఏడుగురు నా నోటి వైపు చూస్తున్నారు.

"వంట" అన్నాను.

ఇంత చిన్న మాట. అని ఊరుకోలేదు, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు ఇంకా గట్టిగా పట్టుకున్నాను, ఆ గీతలు చూశారా, వేడి చేసేటప్పుడు దేనికో అదిమి పెట్టాడు, చేయి తిరిగినవాడే, అన్నాను. దర్జీ మెల్లగా, "మా అమ్మ కుట్టి దాచిందండీ అన్నగారూ, ఎవరూ ముట్టుకోలేదట" అన్నాడు. దానికి నేను, అమ్మలు అలాగే చెబుతారులే అన్నాను. అందరూ నవ్వారు. దర్జీ కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. మరి ఏం చేయమంటారు అని అడిగాడు. ఆ దొంగరంగు ఉంచితే నాణేనికే పరువుతక్కువ, తీసేయ్, అన్నాను. వెండిపనివాళ్ళ దగ్గర మందునీళ్ళు దొరుకుతాయని కూడా చెప్పాను, ఏ వీధిలోనో కూడా చెప్పాను. తర్వాత అద్దాన్ని అతను తీసుకుని నా జేబులో వేసి గుండీ పెట్టి తట్టాడు. ఇంటికెళ్ళి అన్నం తింటూ మా ఆవిడకి గొప్పగా చెప్పాను, ఇలా వచ్చింది, ఇలా పట్టేశాను అని. ఆవిడ వింటూ వింటూ, అంత కచ్చితంగా తెలుసా మీకు అంది. తెలియకపోతే చెబుతానా అన్నాను. "ఒక్కసారి నాకు తెలీదు అంటే నోట్లో ముత్యాలేం రాలిపోవులెండి" అంది, మజ్జిగ పోస్తూ. నేను నవ్వని మాట అదే.

సోమవారం పదకొండింటికి బైండింగు గదిలోకి వెళ్ళాను. ఎందుకెళ్ళానో కూడా గుర్తుంది, ఒక పేజీ నంబరు తారుమారైంది, కుట్టేలోపు ఆపాలి. అక్కడ తడి ఆరని అట్టల మీద ముతక నూలు గుడ్డ అతికించి, బరువు కింద పెట్టినవి ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు బైండరు. గుడ్డ పక్కకు జారి లోపలి తెల్లకాగితానికి ఆనుకుని రాత్రంతా ఉండిపోయింది. కాగితం మీద గుడ్డ అచ్చు పడింది. నిలువు, అడ్డం, నిలువు, అడ్డం. నేను అక్కడే నిలబడిపోయాను. ఏంటండీ ఏమైనా తప్పా అని అడిగాడు బైండరు. నడుము సంచి. గుడ్డలో కుట్టి, యాభై ఏళ్ళు, ఒంటి వేడికి, గుడ్డకి ఆనుకుని. వంటవాడు యాభై ఏళ్ళ నేతను గంటలో నేయలేడు. తెరచాప మీద నేను చూసింది గుడ్డ పోగులు. పుస్తకంలో కూడా ఉంది ఆ సంగతి, తర్వాత వెతికి చూశాను, రెండు వాక్యాల్లోనే ఉంది, ఇలా ఉంటే రంగు నిజమైనదని అనుమానం లేకుండా చెప్పవచ్చు అని. ఆ పేజీ నేను చదివినట్టు పెన్సిలుతో టిక్కు కూడా పెట్టి ఉంది.

మధ్యాహ్నం భోజనం మానేసి అతని కొట్టుకి పరిగెత్తాను. పరిగెత్తాననే అంటాను, ఎవరైనా అడిగితే. నిజానికి మధ్యలో రెండుసార్లు ఆగాను, ఒకసారి చెప్పుల కొట్టు ముందు, ఒకసారి ఏమీ లేనిచోట. కొట్టంటే ఒకే గది, కుడివైపు మిషను, ఎడమవైపు కత్తిరించే బల్ల, మూల గుండీల పెట్టె పక్కన చాప మీద వాళ్ళమ్మ. ఎనభై దాటినా కాజాలు ఆవిడే కుట్టేది, సూదిలో దారం మాత్రం మనవరాలు ఎక్కించి వెళ్ళేది, పొద్దున్నే పది సూదులకి. నేను వెళ్ళినప్పుడల్లా తనే లేచి కుండలోంచి మంచినీళ్ళు ముంచి ఇచ్చేది, పొట్టివాళ్ళ కోసం చేసినట్టుండే చిన్న గ్లాసుతో, తాగాక ఇంకోటి అని మళ్ళీ ముంచేది. ఆ రోజు లేవలేదు. దర్జీ నన్ను చూడగానే మిషను ఆపి, సొరుగులోంచి నాణెం తీసి నా అరచేతిలో పెట్టాడు. "చూడండి అన్నగారూ, రాత్రే కడిగేశాను. అద్దంలా ఉంది కదూ." తెల్లగా ఉంది. గిన్నెలాగా, చెంచాలాగా తెల్లగా ఉంది. ఓడ ఉంది, తెరచాప నున్నగా ఉంది. నిలువు లేదు, అడ్డం లేదు. ఆ మూల ఆవిడ చేతిలో సూది ఆగింది, నా వైపు చూస్తోందని తల తిప్పకుండానే తెలిసింది. అమ్మకి చెప్పానండీ, పాపం ఎవరో నీకు అంటగట్టారని, అన్నాడు దర్జీ. నేను బాగుంది అన్నాను. బాగుంది అని వచ్చేశాను. తేలు కుట్టిన దొంగ అరవడు.

అప్పటినుంచి ఒకటే మాట నాకు నేను చెప్పుకుంటున్నాను. కడిగాక చెప్పి ఏం లాభం, రంగు తిరిగొస్తుందా. ఎప్పుడు చెప్పుకున్నా న్యాయంగానే ఉంటుంది ఆ మాట. అతన్ని బాధపెట్టడం తప్ప ఏమొస్తుంది. నేను దాచింది అతని మేలు కోసమే, నా పేరు కోసం కాదు. ఇలా గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు ఎవరూ అడగని ప్రశ్నకి ఆరేళ్ళు జవాబు చెప్పుకున్నాను. ఎందుకూ పనికిరాని ఆ నాణేనికి దర్జీ కొక్కెం అతికించి కూతురికి గొలుసులో వేయించాడు, ఆ అమ్మాయి ఎప్పుడు ఎదురైనా మెడలో తళతళమంటుంది, నేను ఆ పిల్ల మొహం మాత్రమే చూసి మాట్లాడతాను, బుద్ధిమంతుడైన పెద్దాయన అనుకుంటుంది కాబోలు. వాళ్ళమ్మ నాకు మళ్ళీ నీళ్ళు ఇవ్వలేదు. చెవుడు వచ్చింది, కాళ్ళు లాగుతున్నాయేమో అనుకున్నాను. తర్వాతి ఏడాది ఆవిడ పోయింది. వెళ్ళాను, దండ వేశాను, దర్జీ నా భుజం మీద తల పెట్టి ఏడిస్తే, పెద్ద వయసు కదయ్యా, ఊరుకో అన్నాను. ఆరేళ్ళుగా నేను ఆ తెరచాప గురించి బాధపడ్డాను. అలాంటిది నా జన్మలో మళ్ళీ చూడను కదా అని బాధపడ్డాను. ఆ బాధ నాకు గొప్ప శిక్షలా అనిపించేది, చాలుననిపించేది.

పోయిన నెల దర్జీకి రెండో నాణెం దొరికింది. గుండీల పెట్టె అడుగున ఉన్న వాళ్ళమ్మ నడుము సంచిని తీసి అతుకుకి గుడ్డ దొరుకుతుందేమోనని చూస్తే, అడ్డంగా ఒక కుట్టు ఉండాల్సినదానికంటే దట్టంగా ఉందట. ఇంకెవరైనా అయితే చూసేవాళ్ళు కాదు. విప్పితే ఇంకో ఓడ, అదే సంవత్సరం, అదే రంగులు. పరిగెత్తుకొచ్చాడు మా ఇంటికి, కూర్చోకుండానే, "ఇంకోటి ఉందని అమ్మ ఎందుకు చెప్పలేదో అన్నగారూ" అన్నాడు. మా ఆవిడ నా వైపు చూసింది. అద్దం పెట్టి చూడమన్నాడు. నా కళ్ళు మునుపటిలా లేవయ్యా, ప్రదర్శనలో పెద్దవాళ్ళు వస్తున్నారు, వాళ్ళకే చూపిద్దాం అన్నాను, ఎంత వినయంగా అన్నానంటే అతనికి నామీద గౌరవం ఇంకా పెరిగింది. అద్దం పెట్టి చూడలేదు నేను. చూడకుండానే గీతలు కనిపించాయి. అది నిజమైనదైతే మొదటిదీ నిజమైనదే, ఆ లెక్క చిన్నపిల్లలు కూడా వేస్తారు. అందుకే ఇవాళ ఈ కుర్చీలో కూర్చుని, తెర వెనకున్న ముగ్గురూ నాలాంటివాళ్ళే అయి ఉండాలని కోరుకుంటున్నాను.

మూడూ నలభై. నలభై నాలుగు అని పిలిచారు. నీలం చీర కట్టుకున్న పెద్దావిడ లేచి వెళ్ళింది, కౌంటరు అమ్మాయి చిన్న కవరు తిరిగి ఇచ్చింది. దానిలో డబ్బా లేదు. ఏమైంది అని అడిగింది పెద్దావిడ. "అసలుదో కాదో చెప్పలేమండి. లోపల ముగ్గురికీ తెలియలేదు, అదే రాశారు. రుసుము తిరిగి ఇస్తాం" అంది అమ్మాయి, మామూలుగా, పన్నెండో నంబరు బస్సు వెళ్ళిపోయిందండి అన్నంత మామూలుగా. అచ్చేసిన చీటీ మీద ఆ మాటకి ఒక గడి కూడా ఉంది, దానిలో టిక్కు పెడితే చాలట. నాకు మొదట కోపం వచ్చింది, ఇంత బడాయి చేసి తెలియదని చెప్పడానికి వీళ్ళకి సిగ్గులేదా అని. పెద్దావిడ చీటీ మడిచి సంచిలో వేసుకుని, సరేలేమ్మా, తెలిసినప్పుడే తెలుస్తుంది అని నవ్వి వెళ్ళిపోయింది. ఆకాశం విరిగి ఎవరి నెత్తినా పడలేదు. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. నాకోసం కూడా ఒక గడి గీసి ఉంచారు లోకంలో, నేను చూసుకోలేదు. దర్జీ అటే చూస్తూ, "పాపం. మన అదృష్టం, మనకి మీరున్నారండీ అన్నగారూ" అన్నాడు.

ఇప్పుడే చెప్పేయొచ్చు. ఇంకా ఇరవై నిమిషాలుంది. చీటీ వచ్చేలోపు చెబితే అది ఒప్పుకోవడం అవుతుంది, వచ్చాక చెబితే దొరికిపోవడం అవుతుంది. నోరు తెరిచాను కూడా. అతను నా వైపు వంగాడు వినడానికి. ఇంకో టీ తాగుతావా అన్నాను. వద్దండీ అన్నగారూ అన్నాడు. మా ఆవిడ పొద్దున బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంది. ఆవిడకి నేను ఏనాడూ చెప్పలేదు, ఆవిడ ఏనాడూ అడగలేదు, అయినా అంతా తెలుసు, పెళ్ళాలకి గుడ్డ అచ్చులు చూడటానికి అద్దాలు అక్కర్లేదు. మూడూ యాభై. అతని చేయి మళ్ళీ కుర్చీ గుడ్డ మీదికి వెళ్ళింది. ఆ వేళ్ళు. నలభై ఏళ్ళు గుడ్డ చూసిన కళ్ళు. ఆ ఆదివారం ఒక్కసారి ఇతను అద్దంలోంచి చూసి ఉంటే, ఒక్కసారి, నాకు అర్థంకానిది ఇతనికి అరక్షణంలో తెలిసేది. ఆ బల్ల దగ్గర చెప్పగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. వాణ్ణి నేను అడగలేదు.

నలభై ఏడు.

ఇద్దరం లేచాం. అమ్మాయి రెండు చేతులతో డబ్బా అందించింది. డబ్బా. మూత అతికించి, లోపల ఓడ, చుట్టూ సిరా నీలం. "అరవై ఆరు వచ్చిందండి. రంగు సహజమే. ఇక్కడ చూడండి, గుడ్డ అచ్చు అని కూడా రాశారు, ఇంత చక్కగా పడటం అరుదట, లోపల ముగ్గురూ మార్చి మార్చి చూశారు" అంది. దర్జీకి మార్కులు పట్టలేదు. "గుడ్డ అచ్చంటే ఏంటమ్మా" అన్నాడు. ఏళ్ళ తరబడి గుడ్డకి ఆనుకుని ఉంటే ఆ నేత దాని మీద పడుతుందండి, తెరచాప మీద చూడండి, అద్దం ఇవ్వనా అంది. "మా అన్నగారి దగ్గరుందమ్మా" అని, నా జేబు గుండీ తీసి, అద్దం తీసి, మొట్టమొదటిసారి తన కంటికి పెట్టుకున్నాడు. అద్దాన్ని తిరగేసి పెట్టుకున్నాడు, నేను సరిచేశాను. చాలాసేపు చూశాడు. పెదాలు కదులుతున్నాయి, పోగులు లెక్కపెడుతున్నాడు. తర్వాత, చాలా నెమ్మదిగా, "అమ్మ సంచే" అన్నాడు. "ఇదిగో, ఇక్కడ అడ్డపోగు తెగింది. విప్పినప్పుడు చూశాను నేను, నడిమి గుడ్డలో. ఇటొకటి అటొకటి పెట్టి మధ్యలో ఒకే గుడ్డ వేసి కుట్టింది." అద్దం దించాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, సంతోషంగా ఉన్నాడు. "అంటే మొదటిదాని మీద కూడా పడే ఉంటుంది. మీరు చూసినప్పుడు ఉందాండీ అన్నగారూ?"

అనుమానంతో అడగలేదు. తన తల్లి కుట్టు గురించి ఇంకో ముక్క తెలుస్తుందని అడిగాడు. అప్పుడు నా నాలుక మీదికి వచ్చింది ఆ మాట. తెలియదు. ఆరేళ్ళ కిందట నిజమై ఉండి కూడా గొంతు దాటనిది, ఇవాళ అబద్ధమయ్యాక పండులా నోట్లోకి వచ్చి కూర్చుంది. గుర్తులేదయ్యా, తెలియదు, అంటే అయిపోతుంది, అతను నమ్ముతాడు, బస్సులో నా భుజానికి ఆనుకుని నిద్రపోతాడు.

"ఉంది" అన్నాను.

"చూశారా?"

"గీతలు చూశాను. ఏంటో నాకు తెలియలేదు. తెలియకుండానే వంట అన్నాను. తెల్లారి ప్రెస్సులో తెలిసింది, అది గుడ్డ నేతని."

"తెల్లారంటే సోమవారం" అన్నాడు. కొలత రాసుకుంటున్నట్టు నెమ్మదిగా అన్నాడు. "మధ్యాహ్నం కొట్టుకొచ్చారు."

"చెప్పడానికే వచ్చాను. అప్పటికే నువ్వు కడిగేశావు. కడిగాక చెప్పి ఏం లాభం, రంగు తిరిగొస్తుందా అని..."

ఆరేళ్ళు లోపల గట్టిగా వినిపించిన మాట బయటికొచ్చేసరికి సగంలోనే ఆగిపోయింది. అతను డబ్బా వైపు చూస్తున్నాడు. ఏడవలేదు, అరవలేదు, అరిస్తే బాగుండేది. "నాణేనికి ఏం లాభం లేదు లెండి" అన్నాడు. డబ్బా మూత మీద బొటనవేలు రాస్తూ, "అమ్మ అక్కడే ఉంది కదా. కాజాలు కుడుతూ" అన్నాడు. "నీకెవరో అంటగట్టారే అంటే, లేదురా, నా చేత్తో కుట్టుకున్నాను అంది. నేను నమ్మలేదు. మీరు చెప్పారుగా. ఆ తర్వాత ఇంకా పది నెలలు ఉంది."

పది నెలలు. నేను ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు. తెరచాప, రంగు, నా పేరు, ఇవే లెక్కపెట్టాను. ఆ మూల చాప మీద సూది పట్టుకుని నా నోటి వైపు ఆవిడ ఎందుకు చూసిందో, మంచినీళ్ళు ఎందుకు మానేసిందో, రెండోది కుట్టు విప్పకుండా ఎందుకు వదిలేసిందో నాకిప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు. అద్దం నా జేబులో పెట్టబోయాడు, అలవాటుగా చేయి అక్కడిదాకా వచ్చింది. అక్కడ ఆగి, వెనక్కి వెళ్ళి, కౌంటరు అద్దం మీద చప్పుడు కాకుండా దించాడు. డబ్బాని చేతిరుమాల్లో చుట్టుకుని నడిచాడు. అమ్మాయి నలభై ఎనిమిది అని పిలిచింది. నేను పక్కకి జరిగి అద్దం తీసుకున్నాను. తలుపు దగ్గర అతను ఆగి, నా కోసం చూస్తున్నాడు, వదిలేసి వెళ్ళే మనిషి కాదు.

"రండి" అన్నాడు. "ఆలస్యమైతే బస్సు దొరకదు."

మెట్లు దిగేదాకా చూశాను, చివర ఎప్పుడూ ఉండే ఆ ఒక్క మాట కలుపుతాడేమోనని. కలపలేదు.